వద్దంటేనే టీకా

పైడితల్లికి కోరికలు తక్కువ. పన్నెండేళ్ళుగా కంచరగెడ్డ ఏరియా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతోంది, ఒక్కనాడూ నోరు తెరిచి ఫ్యాను కావాలని కూడా అడగలేదు. అలాంటి మనిషి ఒకే ఒక్క సూదిమందు అడిగింది. అంతే! ఆ పాపానికి ఆసుపత్రిలో ఒక కమిటీ పుట్టింది, ఒక కౌన్సెలింగ్ పుట్టింది, పైనుంచి ఒక ప్రశంసాపత్రం కూడా వచ్చింది. రానిదల్లా ఆ సూదిమందే.

ఆవిడ ఊరికే అడగలేదు. వార్డుల్లోంచి వచ్చే దుప్పటి మూటల్లో అప్పుడప్పుడూ సూదులు వస్తుంటాయి. డబ్బాలో పడెయ్యాల్సిన సూదిని ఎవరో మంచం మీద వదిలేస్తారు, ఇంకెవరో దుప్పటితో సహా చుట్టేస్తారు. కిందటేడు గౌరమ్మ వేలికి అలాంటిదే గుచ్చుకుంది. పాపం, ఆరునెలలు రక్తపరీక్షలకి తిరిగింది. ఏమీ రాలేదు గానీ, ఆ ఆరునెలలూ అన్నం సయించక సగమైపోయింది. దాన్ని చూసినప్పట్నుంచీ పైడితల్లి మూట విప్పాలంటే చాలు, లోపల దేవుణ్ణి తలుచుకుంటుంది.

ఒకరోజు సిస్టర్ రూతమ్మ లాండ్రీకి వచ్చింది. ఆసుపత్రిలో ఒకరి జబ్బు ఒకరికి అంటకుండా చూసే నర్సు ఆవిడ. తొమ్మిదిమంది ఆడవాళ్ళనీ మూటల మీద కూచోబెట్టి, తనూ ఒక మూట లాక్కుని కూచుంది.

"హెపటైటిస్ బి అని ఒక వైరస్. రక్తంలో ఉంటుంది, లివరుని పాడుచేస్తుంది. కలిసి తింటే రాదు, చెయ్యి తగిలితే రాదు. ఆ జబ్బున్నవాళ్ళ రక్తం సూదిలోంచో కోతలోంచో మన ఒంట్లోకెళ్తే వస్తుంది. దీనికి టీకా ఉంది. మూడు డోసులు. ఇవాళొకటి, నెల తిరిగాక ఒకటి, ఆరో నెలకొకటి. చెయ్యి ఒకట్రెండు రోజులు లాగొచ్చు, కాస్త ఒళ్ళు వెచ్చబడొచ్చు. మీకు ఉచితం. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, ఎవరి ఉద్యోగమూ పోదు. అడగండి, ఏమడుగుతారో."

పైడితల్లి అడిగింది. "అందులో ఆ జబ్బు పురుగుంటాదేటి సిస్టరమ్మా?"

"ఉండదు. దాని పైపొర లాంటి ముక్క ఒకటుంటుంది. దానికి జబ్బు తెచ్చే శక్తి లేదు. దాన్ని చూసి మన ఒళ్ళు కాపలా కాయడం నేర్చుకుంటుంది."

"ఏసుకున్నాక చేతితొడుగులు మానేయొచ్చా?"

"అస్సలు మానకూడదు. సూది ద్వారా వచ్చే జబ్బులు ఇంకా ఉన్నాయి."

"అయితే నా పేరు రాసుకో సిస్టరమ్మా," అంది పైడితల్లి. మిగతా ఎనిమిదిమందీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "ముందు నువ్వెళ్ళొదినా. నీ దారి చూసి మేమొస్తాం," అంది గౌరమ్మ. గుచ్చించుకున్న మనిషి కదా, అప్పట్నుంచీ దానికి సూదంటేనే హడలు.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాతే పైడితల్లి ఆఫీసుకి వెళ్ళింది.

అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గంటి పంచనాథంగారు మంచివారు. లంచం ఎరుగరు, ఆలస్యంగా రారు, కాగితం లేనిదే దేన్నీ నమ్మరు. ఒకసారి ఆసుపత్రి గోడ కూలితే, కూలినట్టు రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు దాని నీడలోనే సైకిలు పెట్టారు.

"టీకా వేయించుకుంటావా? సంతోషం," అన్నారాయన, సొరుగులోంచి ఒక ఫారం తీస్తూ. "ఇదిగో, సంతకం చెయ్యి."

పైడితల్లి అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, కానీ చదవందే సంతకం చెయ్యదు. చదివింది. "హెపటైటిస్ బి టీకా గురించి నాకు పూర్తిగా వివరించారు. అంతా అర్థం చేసుకున్న మీదట, ప్రస్తుతానికి నాకు టీకా వద్దని తెలియజేస్తున్నాను. భవిష్యత్తులో మనసు మార్చుకుంటే, నాకు ఉచితంగా టీకా ఇవ్వబడునని గ్రహించాను."

"ఇదేటి బాబూ, వద్దని ఉంది?"

"అవును. నిరాకరణ పత్రం."

"నాకు కావాలి గదా?"

"అందుకే ఇస్తున్నాను," అన్నారు పంచనాథంగారు ఓపిగ్గా. "చూడమ్మా. ప్రతి ఉద్యోగీ తన నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలపాలని సర్క్యులరు. దానికి జతపరచిన నమూనా ఇదొక్కటే. వెయ్యి కాపీలు ముద్రించాం. వద్దనేవాళ్ళకి ఫారం ఉంది. కావాలనేవాళ్ళకి ఫారం లేదు. ఫారం లేనివాళ్ళు నా దృష్టిలో లేనట్టే లెక్క. లేని మనిషికి టీకా ఎలా వేస్తాం?"

నిజానికి సర్క్యులరు రాసినవాళ్ళ ఉద్దేశం వేరు. కావాలన్నవాళ్ళకి టీకా వేసేస్తారు, వాళ్ళకి ఫారంతో పనేముంది, వద్దన్నవాళ్ళ దగ్గరే కాగితం తీసుకోండి అని. కానీ ఉద్దేశాలు సర్క్యులరుకి జతపరచలేదు.

"మరి కావాలంటే ఎలాగ బాబూ?"

పంచనాథంగారు ఫారంలో చివరి వాక్యం మీద వేలు పెట్టారు. "ఇక్కడుంది దారి. మనసు మార్చుకుంటే ఇవ్వబడును. అంటే మనసు మార్చుకున్నవాళ్ళకే ఇవ్వబడును. కావాలంటే నువ్వు మనసు మార్చుకోవాలి. మార్చుకోవాలంటే ముందు వద్దనాలి. నీకు నిజంగా కావాలంటే వద్దని సంతకం పెట్టు."

ఆయన గొంతు తగ్గించి బతిమాలారు కూడా. "మొత్తం స్టాఫు రెండువందల పధ్నాలుగు. హాజరు పట్టీతోపాటు ఫారాలు తిప్పితే ఒక్క పూటలో రెండువందల పదమూడు సంతకాలొచ్చాయి. మొదటి సంతకం నాదే. నువ్వా రోజు మేనకోడలి పెళ్ళని సెలవు పెట్టావు. నీ ఒక్కదాని వల్ల ఆసుపత్రి నూటికి నూరు కాకుండా ఆగిపోయింది."

మరి ఆ రెండువందల పదమూడు మందీ అర్థం చేసుకునే వద్దన్నారా? సిస్టర్ రూతమ్మ క్లాసులు మొదలుపెట్టింది ఆ సంతకాలైన నాలుగో రోజున. లాండ్రీ ఆడవాళ్ళు అది జీతాల కాగితమనుకున్నారు. వైద్య కళాశాలలో చదివేటప్పుడే మూడు డోసులూ వేయించుకున్న పెద్ద డాక్టరుగారు కూడా, ఆపరేషనుకి వెళ్తూ వెళ్తూ, తనకి టీకా వద్దని సంతకం పెట్టేశారు.

పైడితల్లి కాసేపు ఆలోచించింది. గౌరమ్మ ఆరునెలలు గుర్తొచ్చాయి. సరే, ఏ గుమ్మంలోంచి వెళ్తేనేం, చేరితే చాలు అనుకుని సంతకం పెట్టింది. పంచనాథంగారు ఆ ఫారాన్ని రెండు చేతులా అందుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. "మనసు మార్చుకున్నాను బాబూ. ఏయించండి."

"అప్పుడేనా!" పంచనాథంగారు నొచ్చుకున్నారు. "నిన్న పూర్తిగా అర్థం చేసుకుని వద్దన్న మనిషివి, ఇవాళ కావాలంటే నిన్న అర్థం కానట్టేగా? అప్పుడు నిన్నటి పత్రం చెల్లదు. పత్రం చెల్లకపోతే నువ్వు వద్దననట్టు. వద్దననిదానివి మనసు మార్చుకునేదేముంది? కనీసం ఇరవయ్యొక్క రోజులైనా స్థిరంగా వద్దనుకోవాలి. తదుపరి కమిటీ పరిశీలిస్తుంది."

"ఏ కమిటీ బాబూ?"

"ఏర్పాటవుతుంది," అన్నారాయన.

ఏర్పాటైంది. పేరు మనోపరివర్తన నిర్ధారణ కమిటీ. అధ్యక్షులు పెద్ద డాక్టరుగారు, కన్వీనరు పంచనాథంగారు, సభ్యురాలు సిస్టర్ రూతమ్మ. ఇరవయ్యొక్క రోజులు పైడితల్లి రోజూ మూటలు విప్పుతూ, లోపల దేవుణ్ణి తలుచుకుంటూ, స్థిరంగా వద్దనుకుంటూ గడిపింది. కమిటీ రోజు పొద్దున్న ఆడవాళ్ళ వార్డు మూటలో మళ్ళీ ఒక సూది దొరికింది. వెంట్రుకవాసిలో వేలు తప్పించుకుంది. ఆ సూదిని పట్టుకారుతో తీసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, కమిటీ ముందు పెట్టింది.

"మనోపరివర్తనకి కారణం?" అన్నారు పంచనాథంగారు, కలం పట్టుకుని.

"ఇదే బాబూ. ఇలాంటివి ఈ ఏడు ఇది మూడోది."

"సాక్ష్యం జతపరచవలెను," అంటూ ఆయన డబ్బా అందుకున్నారు. డబ్బా ఫైల్లో పట్టలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, లాభం లేకపోయింది. అప్పుడే పెద్ద డాక్టరుగారికి ఫోనొచ్చి బయటికెళ్ళారు, రూతమ్మ ఇంకా వార్డులోంచి రాలేదు. ఆ సందులో పంచనాథంగారు పట్టుకారుతో సూదిని బయటికి తీసి, కాగితాలకి గుండుసూది గుచ్చినట్టు శుభ్రంగా గుచ్చి, కింద రాశారు: "జతపరచినది: సూది ఒకటి."

"బాబూ, అది డబ్బాలోనే ఉండాల," అంది పైడితల్లి గాభరాగా.

"ఆఫీసు పద్ధతులు నువ్వు నాకు నేర్పక్కర్లేదు," అన్నారాయన, ఫైలు మూసి.

అందరూ వచ్చి కూచున్నాక అసలు ప్రశ్న వేశారు. "ఇప్పుడు నీ మనసులో ఏముంది?"

"కావాలని ఉంది బాబూ."

"గతంలో ఏముండేది?"

ఇక్కడ పైడితల్లి ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. కానీ ఆవిడకి ఆ విద్య రాదు. "అప్పుడూ కావాలనే ఉండేది. మీరు రాయమంటే రాసేను."

పంచనాథంగారు కలం కింద పెట్టేశారు. "అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. సదరు అభ్యర్థి మనసులో ఎట్టి మార్పూ సంభవించలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

"ఇదేం అన్యాయమండీ!" అంది రూతమ్మ. పెద్ద డాక్టరుగారు గడియారం చూసుకుని, రూలంటే రూలేగా అన్నట్టు భుజాలెగరేసి, ఆపరేషనుకి వెళ్ళిపోయారు.

పంచనాథంగారు మాత్రం దయగలవారు. దారి మూసెయ్యలేదు. "ముందు ఈమెకి మనస్ఫూర్తిగా వద్దనిపించాలి. ఆ తర్వాత మారితే మారినట్టే. సిస్టరుగారూ, మీరు ఈమెకి నిరాకరణ కౌన్సెలింగ్ ఇవ్వండి," అని ఆర్డరు వేశారు.

ఆర్డరు ఆర్డరే. రూతమ్మ లాండ్రీలో పైడితల్లి ఎదురుగా కూచుని, మొహం వీలైనంత గంభీరంగా పెట్టింది. "పైడితల్లీ, సూది గుచ్చితే నొప్పి పుడుతుంది."

"చీమ కుట్టినంత గదా."

"మర్నాడు చెయ్యి లాగుతుంది."

"రోజుకి మూడొందల దుప్పట్లు పిండే చెయ్యమ్మా ఇది. లాగని రోజేది?"

"మూడుసార్లు రావాలి."

"ఎక్కడికెళ్తాను? ఇక్కడే ఉంటాను గదా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. కౌన్సెలింగ్ విఫలమైందని రూతమ్మ రిపోర్టు రాసింది.

ఇంతలో పైనుంచి ఉత్తరం వచ్చింది. జిల్లా మొత్తంలో నూటికి నూరు శాతం ఉద్యోగులు పూర్తి అవగాహనతో నిర్ణయం తీసుకున్న ఏకైక ఆసుపత్రి కంచరగెడ్డదేనట. ఒక్క టీకా సీసా కూడా ఖర్చవకుండా స్టాకు చెక్కుచెదరక ఉండడం మరీ అభినందనీయమట. ఆఫీసులో మైసూరుపాకు పంచారు. ఆ ఉత్తరం కాపీని రెండువందల పధ్నాలుగు ఫైళ్ళలోనూ స్వయంగా పెట్టాలని పంచనాథంగారు ముచ్చటపడ్డారు.

రెండువందల పధ్నాలుగో ఫైలు పైడితల్లిది. అదే సమయానికి ఆవిడ ఆఫీసు కిటికీలకి ఉతికిన కర్టెన్లు తగిలిస్తోంది. వెనక "అమ్మో!" అని కేక. తిరిగి చూస్తే పంచనాథంగారు. చూపుడువేలి మీద ఎర్రగా చిన్న బొట్టు. ఆయన ఆ వేలు చూసుకుని, చిన్నపిల్లాడిలా నోటి దగ్గరికి తీసుకెళ్తున్నారు.

"నోట్లో ఎట్టకు!" అని అరిచింది పైడితల్లి. పన్నెండేళ్ళలో ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. స్టూలు మీంచి ఒక్క దూకు దూకి, ఆయన చెయ్యి పట్టుకుని కొళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. "పిండకు బాబూ, గట్టిగా రుద్దకు. సబ్బు రాయి. నీళ్ళు అలా పారనీ." నీళ్ళు వదిలేసి, కిటికీలోంచి రూతమ్మని కేకేసింది.

రూతమ్మ పరుగెత్తుకొచ్చి ఫైలు చూసింది. "జతపరచినది: సూది ఒకటి" అన్నది చదివి కళ్ళు మూసుకుంది.

"ఏమవుతుందండీ?" అన్నారు పంచనాథంగారు. "పాత సూదే కదా? అందులో వైరస్ చచ్చిపోయుంటుంది కదా?"

"ఒంటి బయట వారం రోజులైనా బతకగలదండీ. సూది ఈ ఫైలెక్కి ఎన్నాళ్ళయింది?"

"అయిదు రోజులు."

పంచనాథంగారి ముప్ఫై ఏళ్ళ సర్వీసులో, ఒక ఫైలు ఇంకొంచెం ఆలస్యంగా కదిలి ఉంటే బాగుండునని అనుకోవడం అదే మొదటిసారి.

"భయపడకండి. కడగడం బాగా కడిగింది. గుచ్చుకున్న ప్రతివాళ్ళకీ జబ్బు రాదు," అంది రూతమ్మ. "రక్తపరీక్ష చేయించాలి. ఇంకేం ఇవ్వాలో పెద్ద డాక్టరుగారు చూస్తారు. టీకా మొదటి డోసు మాత్రం ఇవాళే పడాలి."

"వెయ్యండి! వెంటనే వెయ్యండి!" ఆయన చొక్కా చెయ్యి భుజం దాకా మడిచేశారు.

రూతమ్మ బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఆయన ముందు పెట్టింది. "తమరు వద్దన్నారు కదండీ. అంతా అర్థం చేసుకున్న మీదట."

పంచనాథంగారు ఆ సంతకం వంక, అదెవరిదో అన్నట్టు చూశారు. కానీ ఎంతైనా రూలు మనిషి. ఆ స్థితిలోనూ రూలు తప్పలేదు. పది నిమిషాల్లో కమిటీని అత్యవసరంగా సమావేశపరిచారు. ఆపరేషను గౌనులోనే పెద్ద డాక్టరుగారు వచ్చారు. పంచనాథంగారు నిరాకరించి నెల దాటింది, గడువుకి ఢోకా లేదు. ప్రశ్నలు రూతమ్మ వేసింది.

"గతంలో మీ మనసులో ఏముండేది?"

"టీకా వద్దనే ఉండేది. దాని గురించి ఆలోచించిందే లేదు."

"ఇప్పుడు?"

"కావాలి తల్లీ, కావాలి!"

ఆసుపత్రి మొత్తంలో మనసు నిజంగా మారింది ఆయనొక్కరికే. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఇంకేముంది, రూతమ్మ టీకా సీసా తెచ్చింది. తీరా మూత తియ్యబోతుంటే పంచనాథంగారే "ఆగండి!" అన్నారు. ఒక సీసాలో పది డోసులు. సగం వాడిన సీసాని రాసుకోవడానికి స్టాకు రిజిస్టరులో గడి లేదు. ఆ గడి తీసేయించింది ఆయనే. తెరిస్తే పదిమందీ ఉండాలి. లేకపోతే తొమ్మిది డోసులు వృథా అయినట్టు ఆయన చేత్తో ఆయనే రాసుకోవాలి.

"ఇంకో తొమ్మిదిమంది ఎక్కడ దొరుకుతారండీ?" అన్నారు ఆయన, ఏడుపు గొంతుతో.

మళ్ళీ కర్టెన్లు తగిలిస్తున్న పైడితల్లి మెల్లగా దగ్గింది. "లాండ్రీలో సరిగ్గా తొమ్మిదిమందిమి బాబూ."

పంచనాథంగారు తడి వేలు పైకెత్తి పట్టుకుని, తనే స్వయంగా లాండ్రీ దాకా పరుగెత్తారు. ఆ తొమ్మిదిమందినీ వృథా నివారణ లబ్ధిదారులుగా పరిగణించాలని అక్కడికక్కడే మూట మీద కాగితం పెట్టి ఆర్డరు రాసేశారు. మనసుల సంగతి ఎవరూ అడగనక్కర్లేదట.

"అడగాలి," అంది రూతమ్మ ఖరాఖండీగా. "ఇష్టం లేనివాళ్ళకి నేను వెయ్యను."

ఒక్కొక్కరినీ అడిగింది. జ్వరముందా, మందులు పడవా, ఏమైనా సందేహముందా, ఇష్టమేనా. ఏడుగురు ఊఁ అన్నారు. గౌరమ్మ మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు సూదంటే భయం సిస్టరమ్మా. వద్దంటే తిడతావా?"

"తిట్టను. వద్దంటే వద్దే. ఎందుకు భయమో చెప్పు."

గౌరమ్మ చెప్పింది, రూతమ్మ విన్నది, రెండు ప్రశ్నలకి జవాబిచ్చింది. పంచనాథంగారు ఊపిరి బిగబట్టి గౌరమ్మ మొహంలోకే చూస్తున్నారు. గౌరమ్మ ఒక నిట్టూర్పు విడిచి, "ఆ ఆరునెలలకంటే ఇదే నయంలే, ఏసేయ్," అని చెయ్యి చాపింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. ఫారం లేదు, కమిటీ లేదు.

అందరికంటే చివర పైడితల్లి. సూది దిగుతుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నొప్పా?" అంది రూతమ్మ. "కాదమ్మా, సంతోషం," అంది పైడితల్లి. రిజిస్టరులో ఆవిడ పేరెదురుగా పంచనాథంగారు ఇలా రాశారు: "సదరు ఉద్యోగి నిరాకరించినారు. సీసా వృథా కాకుండుటకై ఇవ్వబడినది."

ఆయన రక్తపరీక్ష శుభ్రంగానే వచ్చింది. అయినా మూడు డోసులూ పూర్తవ్వాల్సిందే, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించుకోవాల్సిందే అన్నారు పెద్ద డాక్టరుగారు. సరిగ్గా నెల తిరిగేసరికి, రెండో డోసు రోజు పొద్దున్న ఎనిమిదికల్లా పంచనాథంగారు లాండ్రీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చొక్కా చెయ్యి అప్పటికే మడిచి ఉంది. వెనక రూతమ్మ, చేతిలో కొత్త సీసా. అందులోనూ పది డోసులే. రిజిస్టరులో ఆ గడి ఇంకా లేదు.

"రండమ్మా రండి, ఆలస్యమవుతోంది," అన్నారాయన.

పైడితల్లి గౌరమ్మ వంక చూసింది. గౌరమ్మ మిగతావాళ్ళ వంక చూసింది. తొమ్మిదిమందీ చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు.

"మేమొల్లం బాబూ," అన్నారు ముక్తకంఠంతో.

పంచనాథంగారి మొహం పాలిపోయింది. "ఒల్లకపోతే ఎలాగమ్మా? మీరు లేందే సీసా తెరవకూడదు! నా డోసు?" అటు చూశారు, ఇటు చూశారు. రూతమ్మ సీసా వెనక మొహం దాచుకుంది.

"అన్నీ అర్థం చేసుకున్న మీదటే బాబూ," అంది పైడితల్లి, ఎంతో నెమ్మదిగా. ఆయన జేబులోంచి కలం తీసి ఆయన చేతికే ఇచ్చింది. "మేం వద్దన్నామని రాసుకోండి."

ఆయన రాసుకున్నారు. రాయడం పూర్తయ్యేదాకా ఆగి, పైడితల్లి జాకెట్టు చెయ్యి పైకి మడిచి, నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు మనసు మారిందని రాయండి బాబూ. ఈసారి నిజంగానే మారింది."